బండ్ల బాట దున్నిన భారతీదేవి

ప్రమీలారాణికి ఊపిరి అందడం లేదంటే ముందుగా తెలిసేది మెడ కింద గుంటలోనే. పీల్చినప్పుడల్లా ఆ గుంట లోపలికి లాక్కుపోయేది. తర్వాత డొక్కలు ఎగిరేవి. ఆపైన గొంతులోంచి పిల్లికూతలు. ఐదేళ్ళ పిల్ల ఏడవడానికి కూడా ఊపిరి చాలక, మంచం పట్టెని రెండు చేతులతో పట్టుకుని, తల్లి మొహంలోకే చూస్తూ కూర్చునేది. భారతీదేవి ఆ చూపుకి తట్టుకోలేకపోయేది. వేణ్ణీళ్ళు పట్టేది, వస అరగదీసి నాకించేది, వీపు నిమిరేది. ఏం చేసినా పిల్ల చూపు మాత్రం ఆమె మొహం మీంచి కదిలేది కాదు.

భారతీదేవి పుట్టిల్లు నందిగామ. తండ్రి ఖద్దరు కట్టిన రైతు. కూతురికి భారతదేశం గుర్తుకొచ్చేలా ఆ పేరు పెట్టుకుని, ఎనిమిదో తరగతి దాకా చదివించి, జగ్గయ్యపేట శివార్లో వ్యవసాయం చేసుకునే తిరుపతిరావుకిచ్చి పెళ్ళి చేశాడు. పసుపు కుంకుమల కింద అల్లుడి ఇంటికి దగ్గర్లోనే రెండెకరాల మెరక చేను కొని కూతురి పేర రాశాడు. అది గొప్ప నేలేం కాదు. నాగలి పెడితే రాళ్ళు పలికేవి. కందో జొన్నో చల్లేవాళ్ళు, పండితే పండినట్టు.

యాభై ఆరులో పేటలోనూ నందిగామలోనూ మేడలు లేవడం మొదలైంది. సిమెంటుకి పర్మిట్ కావాలి, అది అందరికీ దొరికేది కాదు. అందరూ సున్నం మీదే ఆధారపడేవాళ్ళు. బజార్లో సున్నం, కలప వ్యాపారం చేసే కుటుంబరావుకి బట్టీ పెట్టడానికి జాగా కావలసి వచ్చింది. తిరుపతిరావు మెరక చేను మూడేళ్ళకి కౌలుకిచ్చాడు. ఇచ్చాక ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. "నీ పేరు మీదుంటే ఏంటి, నా పేరు మీదుంటే ఏంటి" అన్నాడు. అప్పుడు ఆమెకీ అందులో తప్పేం కనపడలేదు.

బట్టీ అంటే నేలలో తవ్విన పెద్ద గుండ్రటి గొయ్యి, చుట్టూ రాతి గోడ. ఒక వరస బొగ్గు, దాని మీద ఒక వరస సున్నపురాయి పేర్చి నిప్పు పెడితే రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. మొదటి ఏడు పొగ వచ్చినా ఊరు ఓర్చుకుంది. రెండో ఏడు బొగ్గు సరిగా రాలేదు. గరికపాడు దగ్గర లారీలు ఆగే చోటునుంచి అరిగిపోయిన టైర్లు బండ్ల మీద దించడం మొదలుపెట్టాడు కుటుంబరావు. ఇక పొగ తెల్లగా రాలేదు. నల్లగా, బరువుగా లేచి, చలికాలం పొద్దున మంచుతో కలిసి నేలకే అంటుకుపోయేది. ఈశాన్యం నుంచి గాలి తిరిగిందంటే నేరుగా తిరుపతిరావు ఇంటి మీదికే. దండెం మీద ఆరేసిన చీరల మీద మసి. దాలిలో కాగే పాల మీగడలో మసి. పిల్ల ముక్కు తుడిస్తే గుడ్డకి మసి.

ఆ మార్గశిరంలో ఒక పొద్దున పిల్ల గోళ్ళు నీలం తిరిగాయి.

భారతీదేవి పిల్లని భుజాన వేసుకుని నందిగామ బస్సెక్కింది. తిరుపతిరావు పొలంలో ఉన్నాడు, కబురు పంపి ఆగే వ్యవధి లేదు. బస్సు కిక్కిరిసి ఉంది. ముందు సీట్లో ముసలాయన చుట్ట ముట్టించాడు.

"బాబాయిగారూ, చుట్ట ఆర్పెయ్యండి. పిల్లకి ఊపిరాడట్లేదు" అంది.

ఆయన వెనక్కి తిరిగి పిల్లని చూసి, చుట్ట కిటికీలోంచి పారేశాడు.

చిల్లకల్లు దగ్గర బస్సు ఆగింది. ఇంజనులోంచి ఆవిరి. డ్రైవరు బిందె పట్టుకుని నీళ్ళకి వెళ్ళాడు. జనం దిగి చెట్టు కింద కబుర్లలో పడ్డారు. భారతీదేవి దిగలేదు. పిల్ల తల ఆమె భుజం మీద ఊపిరికొకసారి ఎగిరి పడుతోంది. కాసేపటికి ఆ ఎగరడం తగ్గింది. తగ్గినందుకు సంతోషించాలో భయపడాలో తెలియక, పిల్ల చెవిలో "రాణీ, రాణమ్మా, పలకవే" అని పిలుస్తూనే ఉంది. పిల్ల పలకలేదు. తల్లి చీర కుచ్చెళ్ళని మాత్రం వేళ్ళతో పట్టుకుంది. ఆ పట్టు ఉన్నంతసేపూ భారతీదేవికి ప్రాణం నిలబడింది.

నందిగామలో డాక్టరు వరప్రసాదరావు పిల్లని చూస్తూనే ఇంజక్షను చేశాడు. పావుగంటలో పిల్ల పెదాలకి రంగొచ్చింది. అప్పుడు గానీ ఆయన కుర్చీలో కూర్చోలేదు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందామ్మా?"

"మా అత్తగారి చెల్లెలికి ఉందంటారండి."

"ఇంటి దగ్గర దుమ్ము, పొగ?"

భారతీదేవి బట్టీ సంగతి చెప్పింది. టైర్ల సంగతీ చెప్పింది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రోగం పిల్ల ఒంట్లో ఉంది. దాన్ని లేపుతోంది ఆ పొగ. బిళ్ళలిస్తాను, వెయ్యి. కానీ పొగలోనే ఉంచి బిళ్ళలు వేస్తే లాభం లేదు. ప్రతిసారీ బస్సు టయానికి నా దగ్గరికి తీసుకురాగలవా?"

ఆమె చిల్లకల్లు దగ్గర ఆగిన బస్సుని తలుచుకుంది. తల అడ్డంగా ఊపింది.

పుట్టింట్లో నెల రోజులుంది. ఆ నెలంతా పిల్లకి ఒక్క కూత రాలేదు. గేదె దూడ వెంట పరుగెత్తింది, చింతకాయ తిని అమ్మమ్మ చేత తిట్లు తింది. పేటకి తిరిగొచ్చిన వారానికే మెడ కింద గుంట మళ్ళీ కనపడింది.

అత్తగారు రత్తమ్మ మనవరాలి కాళ్ళకి నూనె రాస్తూ, "వచ్చే మృగశిర కార్తెకి హైదరాబాదు తీసికెళ్ళి చేప మందు మింగిద్దామే" అంది.

"అందాకా దాని బదులు ఊపిరి ఎవరు పీలుస్తారత్తయ్యా?" అంది భారతీదేవి. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అత్తగారికి ఆమె అలా ఎదురు చెప్పడం అదే మొదలు.

తిరుపతిరావు చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణమే. కానీ మాట అన్నా ప్రాణమే.

"మూడేళ్ళకి మాటిచ్చా. ఏడాదిన్నరకే లేచిపొమ్మంటే బజార్లో నా మొహం ఎవరికి చూపించను? రాణిని మీ నాన్నగారింట్లో ఉంచు. అక్కడే బడికి పోతుంది."

"అంటే ఇక్కడ బట్టీ ఉండచ్చు, పిల్ల ఉండకూడదా?"

"ఎందుకలా మాట్లాడతావు? కొన్నాళ్ళే కదా."

"దానికి ఐదేళ్ళండి. కొన్నాళ్ళంటే దానికెంతో మీకు తెలియదు."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని బయటికెళ్ళిపోయాడు.

భారతీదేవి తనే బజారుకెళ్ళి కుటుంబరావు కొట్టు మెట్లెక్కింది. ఆయన మర్యాదగా లేచి ముక్కాలిపీట వేయించాడు. చెప్పిందంతా విన్నాడు.

"అమ్మా, పొగ లేని ఇల్లేదీ? మీ వంటింట్లో పొయ్యి పొగ రాదా?"

"మా పొయ్యిలో టైర్లు కాల్చం శెట్టిగారూ."

ఆయన నవ్వబోయి ఆగాడు. "రాయంతా దింపేశాం. రేపు టైర్లొస్తాయి, ఎల్లుండి నిప్పు పెట్టాలి. మీ ఆయన ఆపమంటే ఆపుతా. నా ఒప్పందం ఆయనతో."

భర్త ఆపమనడు. శెట్టి ఆగడు. భారతీదేవి ఇంటికొచ్చేసరికి పిల్ల మంచం మీద కూర్చుని పట్టె పట్టుకుని ఉంది.

తెల్లవారాక తిరుపతిరావు పని మీద ఊళ్ళోకి వెళ్ళాడు. ఆమె దొడ్లోకి వెళ్ళి పాలేరు పుల్లయ్యని పిలిచింది.

"నాగలి కట్టు."

"ఎక్కడికమ్మా? ఇప్పుడు దుక్కి అదను కాదే."

"మెరక చేలోకి. బండ్ల బాట దున్నాలి."

బట్టీకి బొగ్గు రావాలన్నా రాయి రావాలన్నా సున్నం పోవాలన్నా ఆ బాటే దిక్కు. దాన్ని దున్నేస్తే బండి చక్రం దిగబడుతుంది. పుల్లయ్యకి అర్థమైంది. చేతులు జోడించాడు.

"అయ్యగారు నన్ను బతకనివ్వరమ్మా. ఎద్దుల్ని కట్టి చేను దాకా తోలుకొస్తా. దున్నడం మాత్రం నావల్ల కాదు."

"సరే, కట్టి తీసుకురా" అంది.

ఆడది నాగలి ముట్టుకుంటే వానలు పడవని, ఆ నేల గొడ్డుపోతుందని ఆ చుట్టుపక్కల పెద్దలూ చిన్నలూ అందరూ నమ్మేవాళ్ళు. ఆమె కూడా చిన్నప్పట్నుంచీ విన్నదే. చేలో నాగలి ముందు నిలబడి ఒక్క క్షణం ఆగింది. దూరంగా బట్టీ దగ్గర కూలీలు రాయి సర్దుతున్నారు. ఆమె కొంగు బిగించి నాగలి మేడి పట్టుకుంది.

మొదటి సాలు పడనే లేదు. నాగలి గట్టి నేల మీద జారి పక్కకి పడింది. ఎద్దులు బెదిరాయి. పుల్లయ్య మొహం అటు తిప్పుకుని, "మేడి మీద బరువెయ్యండమ్మా, వేసి అదమండి" అన్నాడు మెల్లిగా. రెండోసారి కర్రు దిగింది. వంకరటింకరగా, అడుగడుక్కీ రాయి తగిలి చేతులు అదురుతూ, ఆమె బాటకి అడ్డంగా దున్నుకుంటూ పోయింది. అరచేతులు చిట్లాయి. చూస్తూ ఉన్న కూలీలు పని ఆపేశారు.

ఇంతలో టైర్ల బండ్లు మూడు వచ్చి గట్టు దగ్గర ఆగిపోయాయి. ఎవరో పరుగెత్తారు. కుటుంబరావు వచ్చాడు. ఆయన వెనకే తిరుపతిరావు, చెప్పుల్లేకుండా, రొప్పుతూ.

"మేడి వదులు" అన్నాడు.

"వదలను."

"భారతీ! పదిమందిలో నా పరువు తియ్యకు. వదులు."

"నిన్న రాణి గోళ్ళు చూశారా మీరు? ఏ రంగులో ఉన్నాయో చెప్పండి, వదిలేస్తా."

ఆయన చెయ్యెత్తాడు. కూలీల్లో ఒక ఆడమనిషి అబ్బా అంది. ఎత్తిన చెయ్యి ఆయన ఆమె మీద వేయలేదు. మేడి మీద వేసి లాగాడు. ఆమె వదల్లేదు. మొగుడూ పెళ్ళాం ఒకే మేడిని చెరోవైపు పట్టుకుని, ఊరంతా చూస్తుండగా, ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ నిలబడిపోయారు. ఎద్దులు మెడలు కదిపి గంటలు మోగించాయి.

ముందు నోరు విప్పింది కుటుంబరావు. ఆయన దున్నిన మట్టిని, ఆమె అరచేతుల రక్తాన్ని చూసి వెనక్కి జరిగాడు.

"తిరుపతిరావుగారూ, వదిలెయ్యండి. ఆడకూతురు ఉసురుమంటూ నాగలి పట్టిన నేల నాకొద్దు. ఇక్కడ నిప్పు పెట్టి నేను బాగుపడను. దింపిన రాయి తీయించుకుని వేరే చోటు చూసుకుంటా."

ఆ నెలాఖరుకి బట్టీ లేచిపోయింది. రాణికి పిల్లికూతలు తగ్గాయి. తిరుపతిరావు మాత్రం భార్యతో మాట్లాడడం మానేశాడు. "మీ అమ్మని అన్నం పెట్టమను" అని కూతురితో అనేవాడు. పిల్ల అదేదో ఆటనుకుని ఇద్దరి మధ్యా పరుగెత్తేది. ఆ వేసవిలో వాన ఆలస్యమైతే బావి దగ్గర ఆడవాళ్ళు భారతీదేవికి వినపడేలా మాటలన్నారు. ఆమె బిందె నింపుకుని వచ్చేసేది. పిల్ల ఊపిరి పీలుస్తోంది. ఆమెకది చాలు.

కుటుంబరావు కొత్త బట్టీ గూడెం పక్కన పోరంబోకులో కట్టాడు. బట్టీ కూలీలుండేది ఆ గూడెంలోనే, ఇంటి ముందే పని దొరికిందని మొదట సంతోషించారు కూడా. భారతీదేవి మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడు ఆ నల్ల పొగ దూరంగా కనపడేది. అది తన ఇంటివైపు రావడం లేదని చూసుకునేది. ఎటు పోతోందో చూసుకోలేదు.

మరుసటి చలికాలం ఒక సాయంత్రం ఆశీర్వాదం దొడ్డివైపు వచ్చి నిలబడ్డాడు. బట్టీలో రాయి పేర్చే మనిషి, కోతలప్పుడు వీళ్ళ పొలంలోకీ వచ్చేవాడు. మాట్లాడేముందు చాలాసేపు దగ్గాడు.

"అమ్మా, రాణమ్మకి వేసిన బిళ్ళలేమన్నా మిగిలాయా?"

"ఎవరికి?"

"మా రూతమ్మకమ్మా. మూడేళ్ళ పిల్ల. డొక్కలెగరేస్తోంది."

భారతీదేవి చేతిలో చేట కింద పెట్టేసింది. "మెడ కింద గుంట పడుతోందా?"

"పడుతోందమ్మా."

మిగిలిన బిళ్ళలు తెచ్చి, పిల్లకి ఎంత ముక్క వెయ్యాలో చెప్పింది. "బిళ్ళలతో ఆగద్దు. నందిగామ తీసికెళ్ళాలి. బండి పొలంలో ఉంది, పుల్లయ్య ఇంకా రాలేదు. పొద్దున్నే కట్టిస్తా, బస్సు దాకా నేనూ వస్తా. పిల్లని తీసుకుని వచ్చెయ్యండి."

"పొద్దున్నే వస్తామమ్మా" అని వెళ్ళాడు.

పొద్దున బండి కట్టి ఉంది. వాళ్ళు రాలేదు. ఎండ వాకిట్లోకి దిగినా రాలేదు. ఆమె బండెక్కి తనే గూడెం వెళ్ళింది. గూడెం మొదట్లోనే పొగ కళ్ళలో పడింది. ప్రతి గుడిసె ముందూ దగ్గు. ఆశీర్వాదం ఇంటి ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. లోపల అతని భార్య మార్తమ్మ, బట్టలో చుట్టిన పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

భారతీదేవి గుమ్మంలోనే ఆగిపోయింది. మార్తమ్మ తలెత్తింది. ఆ కళ్ళలో నీళ్ళు లేవు.

"మీ పిల్లని కాపాడుకోడానికి పొగని మా వైపు నెట్టారు. మేం ఎవరి వైపు నెట్టాలమ్మా?"

ఆశీర్వాదం "ఊరుకోవే" అన్నాడు. భారతీదేవి బండి ఎక్కకుండా నడిచి ఇంటికొచ్చింది.

ఆ రోజంతా ఆమె ఏమీ తినలేదు. తిరుపతిరావు భోజనానికి కూర్చున్నప్పుడు పీట ఎదురుగా నిలబడి, "ఏవండీ, బాట మళ్ళీ ఇచ్చేద్దామనుకుంటున్నా" అంది.

ఏడాది తర్వాత ఆయన ఆమెతో నేరుగా మాట్లాడాడు. "ఏ బాట?"

"నే దున్నిన బాట. బట్టీ మన చేను వెనకున్న గుట్ట అవతలికి పోవాలంటే బండ్లకి అదే దగ్గర దారి. అవతల ఇళ్ళు లేవు. రాయి కూడా అక్కడే ఉంది. శెట్టిగారు అక్కడ పెట్టనిది దారి లేకే."

"దున్నిందీ నువ్వే, ఇచ్చేదీ నువ్వేనా?"

"అప్పుడు నా పిల్ల సంగతే చూశానండి." ఆమె చేతిలో నేతి గిన్నె కింద పెట్టింది. "రూతమ్మకి మూడేళ్ళు."

ఆయన కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలి లేచి చెయ్యి కడుక్కున్నాడు. "పద. నేనూ వస్తా" అన్నాడు.

కొట్లో కుటుంబరావు మొదట ఒప్పుకోలేదు. ఆ పిల్ల పోయింది జ్వరంతోనన్నాడు, చలికాలం పిల్లలకి దగ్గులు మామూలేనన్నాడు. గుట్ట అవతలికైతే కూలీలు అంత దూరం నడవరన్నాడు. తిరుపతిరావు బయటికెళ్ళి, కొట్టు ముందు సున్నం ఎత్తుతున్న ఆశీర్వాదాన్ని పిలుచుకొచ్చాడు.

"నడుస్తారా?"

"నడుస్తామండి. పిల్లలైనా మిగుల్తారు" అన్నాడు ఆశీర్వాదం. మళ్ళీ దగ్గొచ్చి పక్కకి తిరిగాడు.

కుటుంబరావు తల దించుకున్నాడు.

"శెట్టిగారూ, మాటిస్తే తప్పనని మీకు తెలుసు" అన్నాడు తిరుపతిరావు. "ఈసారి మాట మీరివ్వండి. బట్టీ గుట్ట అవతల. టైరు ముక్క కూడా కాల్చకూడదు. కాల్చిన రోజు మా ఆవిడ మళ్ళీ నాగలి కడుతుంది, ఈసారి నేనే ఎద్దుల్ని తోలుతా."

కుటుంబరావు మాటిచ్చాడు. ఎండలు ముదిరేలోపు బట్టీ గుట్ట దాటింది. దున్నిన బాట మీద మళ్ళీ బండ్లు నడిచాయి. గూడెం పిల్లల్లో దగ్గు సగానికి పైగా తగ్గిందని అందరూ అన్నారు. బట్టీ దగ్గర పనిచేసేవాళ్ళకి మాత్రం తగ్గలేదు. ఆ సంగతి భారతీదేవికి తెలుసు. దానికామె ఏమీ చెయ్యలేకపోయింది.

రాణికి పన్నెండో ఏడు వచ్చేదాకా చలికాలం అప్పుడప్పుడూ గొంతు కూసేది. ఆ తర్వాత అదీ పోయింది. ఆశీర్వాదానికి మరో ఇద్దరు పిల్లలు పుట్టారు. కోతలకి మార్తమ్మ వచ్చేది. భారతీదేవి మజ్జిగ తెచ్చిపోస్తే దోసిలి పట్టి తాగేది, కానీ పలకరిస్తే జవాబు చెప్పేది కాదు.

అరవై మూడులో కుటుంబరావు జబ్బుపడి మంచాన ఉంటే, వ్యవహారం చూస్తున్న గుమాస్తా ఒక మధ్యాహ్నం టైర్ల బండి తోలించాడు. పుల్లయ్య పరుగున వచ్చి చెప్పాడు. భారతీదేవి వండుతున్నది దింపేసి, తడి చేతులతోనే మెరక చేలోకి వెళ్ళింది.

బండి అప్పటికే ఆగి ఉంది. బాట మధ్యలో, ఎద్దుల కాళ్ళకి మూరెడు దూరంలో, మార్తమ్మ కూర్చుని ఉంది. బండివాడు అరుస్తున్నాడు, ములుగర్ర ఆడిస్తున్నాడు. ఆమె అతని వైపు చూడడం కూడా లేదు.

భారతీదేవి వెళ్ళి పక్కన కూర్చోబోయింది. బాట ఇరుకు, ఒక పక్కన ముళ్ళకంప. మార్తమ్మ తలెత్తి ఎవరో చూసి, కొంచెం పక్కకి జరిగింది.

ఎండ నెత్తి మీద మాడ్చేస్తోంది. బండివాడు కాసేపు తిట్టాడు, కాసేపు బతిమాలాడు. చివరికి దిగి ఎద్దుల్ని వెనక్కి మళ్ళించాడు. బండి పేటవైపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ లేవలేదు. అప్పుడు మార్తమ్మ చీర దులుపుకుని గూడెంవైపు, భారతీదేవి ఇంటివైపు నడిచారు.